కానరాని వల

వల అనగా ఏమో నెల్లూరు తీరవాసులకు ఒకరు చెప్పనక్కరలేదు. నీటిపైన బెండ్లు మాత్రమే కనిపించును. పని చేయు భాగమంతయు నీటి అడుగుననే ఉండును. ఈనాడు ప్రపంచమంతటను పరచుకొనియున్న అంతర్జాలమునకు కూడ ఇట్టి అడుగు భాగము ఒకటి కలదు. దానిని గురించి అప్పుడప్పుడు పత్రికలలో వచ్చు వార్తలు భయము గొలుపునవిగా ఉండును. అచట మత్తుమందులు అమ్మబడుచున్నవనియు, దొంగిలించిన బ్యాంకు వివరములు బేరమునకు పెట్టబడుచున్నవనియు, ఎవరెవరో మారుపేర్లతో సంచరించుచున్నారనియు వినుచున్నాము. ఈ మాటలలో అబద్ధము లేదు. కాని ఇవి కథలో ఒక భాగము మాత్రమే. ఆ మరుగు దారిని వేసినవారు దొంగలు కారు. ఒక దేశపు నౌకాదళ పరిశోధకులు. దానిని నేడు వాడుచున్నవారిలో పత్రికా రచయితలు కలరు, పేరుపొందిన రేడియో సంస్థలవారును కలరు. ఇంత విరుద్ధములైన ఉపయోగములు ఒకే దారికి ఎట్లు కలిగెనో తెలిసికొనుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

ముందుగా ఒక భ్రమను తొలగింపవలెను. డీప్ వెబ్, డార్క్ వెబ్ అను రెండు మాటలను పలువురు ఒకే అర్థమున వాడుచున్నారు. అవి రెండును వేరు. గూగుల్ వంటి శోధన యంత్రములు లింకు వెంబడి లింకు పట్టుకొని తిరిగి, చూచిన పుటలన్నిటికిని పట్టిక వ్రాసికొనును. ఆ పట్టికకు ఎక్కనిదంతయు డీప్ వెబ్, అనగా లోతు జాలము. 2001లో మైకేల్ బెర్గ్‌మన్ అను అమెరికా దేశస్థుడు ఒక వ్యాసమున ఈ మాటను వివరించి ప్రచారమునకు తెచ్చెను. మన బ్యాంకు ఖాతా పుట, మన ఈమెయిలు పెట్టె, ఆసుపత్రిలోని మన పరీక్షల ఫలితములు ఈ లోతులోనివే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2015లో ఏర్పరచిన మీభూమిలో విడవలూరు రైతు తన సర్వే నంబరు వేసినప్పుడు తెరపైకి వచ్చు అడంగలు కూడ అట్టిదే. అది అడిగినప్పుడు పుట్టును. శోధన యంత్రమునకు చిక్కదు. ఇందు దోషమేమియు లేదు. ఇంటిలోని బీరువా వీథిలోనివారికి కనబడకపోవుట వంటిదే ఇది.

డార్క్ వెబ్ అనునది ఈ లోతులో మిక్కిలి చిన్న భాగము. అది వీథివారికి కనబడని బీరువా వంటిది కాదు. ఏ వీథిలో ఉన్నదో తెలియని ఇల్లు వంటిది. అచటికి మామూలు బ్రౌజరుతో పోలేము. దానికై చేసిన ప్రత్యేక సాధనము కావలెను. అచట చదువువాడెవడో ప్రచురించువానికి తెలియదు. ప్రచురించువాడెచట ఉన్నాడో చదువువానికి తెలియదు. ఇట్టి దారులు ఒకటికంటె ఎక్కువ కలవు. 2000లో ఇయన్ క్లార్క్ వెలువరించిన ఫ్రీనెట్ అట్టివానిలో ఒకటి. నేడు అన్నిటికంటె ప్రసిద్ధమైనది టార్. మేము ముఖ్యముగా దానిని గురించియే చెప్పబోవుచున్నాము.

మరుగున నడుచు వ్యవహారము మంచిదా, చెడ్డదా అను ప్రశ్న కొత్తది కాదు. నెల్లూరు తీరము దానిని ఉప్పు విషయమున ఏనాడో ఎదుర్కొన్నది. 1805లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు రాజధానిలో ఉప్పును తన గుత్తకు తీసికొనెను. అది మొదలు సర్కారు కొఠారునుండి వచ్చినదే న్యాయమైన ఉప్పు. పర్రలలో సముద్రపు నీరు ఎండి తనంతట తాను పేరుకొన్న ఉప్పును చేతితో ఎత్తుకొన్నను నేరమే. అట్టి ఉప్పునకు కాపు కాయుటకును, దానిని పాడుచేయుటకును ఉద్యోగులుండిరి. నేరమును పుట్టించిన చట్టము రహస్యమును కూడ పుట్టించును. చీకటిలో ఉప్పు మోసినవారందరు ఒక తెగవారు కారు. లాభమునకై మోసినవాడు ఒకడు. పన్నుతో కూడిన ధర పెట్టలేక కూటిలోనికి పిడికెడు తెచ్చుకొన్నవాడు మరియొకడు. కాపలావానికి మాత్రము ఇద్దరును ఒక్కటే.

1930లో ఉప్పు సత్యాగ్రహము వచ్చినప్పుడు మైపాడు తీరమున జనులు వేరొక మార్గము చూపిరి. వారు చీకటికై కాచుకొనలేదు. పట్టపగలు, నలుగురు చూచుచుండగా చట్టమును ధిక్కరించిరి. 1921 ఏప్రిల్ 7న పెన్న ఒడ్డున పల్లిపాడులో గాంధీజీ ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమము ఈ జిల్లాకు ఆ పాఠము చెప్పిన బడులలో ఒకటి. రహస్యము భయమునకు గుర్తని గాంధీజీ మతము. 1944లో చెర వీడివచ్చిన పిమ్మట కూడ ఆయన రహస్యోద్యమమును మెచ్చుకొనలేదు. అజ్ఞాతముగా ఉన్నవారిని వెలికి రమ్మనియే బోధించిరి. బహిరంగ ధిక్కారము వ్యర్థము కాలేదు. 1931 మార్చిలో జరిగిన గాంధీ–ఇర్విన్ ఒడంబడిక వలన తీరగ్రామములవారికి ఇంటివాడుకకు ఉప్పు తెచ్చుకొను అనుమతి లభించెను. 1947లో ఉప్పు పన్నే తొలగింపబడెను.

కాని బహిరంగముగా నిలుచుటకు ఒక షరతు కలదు. నిలిచినవాని మాట నలుగురికిని వినబడవలెను. పట్టుబడినను వానికి ప్రాణము మిగులవలెను. ఆ షరతు లేనిచోట మరుగు తప్పదని నమ్మినవారును ఈ జిల్లాలోనే పుట్టిరి. పెన్నకు దక్షిణమున మైపాడు, ఉత్తరమున అలగానిపాడు. అలగానిపాడులో 1913 మే 1న జన్మించిన పుచ్చలపల్లి సుందరయ్యగారు, కమ్యూనిస్టు పార్టీపైన నిర్బంధమున్న కాలములో, 1939 నుండి 1942 వరకును, మరల 1948 నుండి 1952 వరకును అజ్ఞాతవాసము చేసిరి. ఆ 1952లోనే ఆయన రాజ్యసభకు ఎన్నికైరి. ఒక సంవత్సరము వెదకబడిన మనిషి మరుసటి సంవత్సరము శాసనములు చేయు సభలో కూర్చుండుట మన ప్రజాస్వామ్య చరిత్రలో గుర్తుంచుకొనదగిన సంగతి. ఆయన సిద్ధాంతములతో ఏకీభవించుట, ఏకీభవింపకపోవుట వేరు విషయము.

బహిరంగముగా నిలిచిన సత్యాగ్రహి, ప్రాణరక్షణకును కార్యరక్షణకును మరుగు పట్టిన అజ్ఞాతవాసి, లాభమునకై మరుగు పట్టిన దొంగసరకువాడు: ఈ మువ్వురును ఒక తీరపు ఇసుకమీద నడచినవారే. అంతర్జాలపు మరుగును గురించి తీర్పు చెప్పబోవువారు ఈ మువ్వురిని కలగలుపరాదు.

ఇక మా వృత్తికి సంబంధించిన మాట ఒకటి చెప్పవలెను. మరుగు అనునది రెండు విధములు: చెప్పువాని మరుగు, వినువాని మరుగు. రేడియో మొదటిదానిని ఇయ్యలేదు. రెండవదానిని ధారాళముగా ఇచ్చెను. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రమును, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రమును ప్రసారములు మొదలిడినవి. నాటినుండి నేటివరకు ఎవరు రేడియో పెట్టిరో, ఏ వార్తకు చెవియొగ్గిరో, ఏ ప్రసంగము రాగానే కట్టివేసిరో ప్రసారము చేయువారికి తెలియదు. శ్రోత ఉత్తరము వ్రాసిననే తెలియును. తుపాను హెచ్చరిక చదువునప్పుడు అది కృష్ణపట్నము రేవున ఎందరి చెవిని పడినదో చదువువానికి తెలియదు. 1933 నాటి చట్టము ప్రకారము ఒకప్పుడు రేడియో పెట్టెకు లైసెన్సు ఉండవలెనన్న మాట నిజమే. అయినను ఆ కాగితము ఇంటిలో పెట్టె ఉన్నదని చెప్పెనే గాని, ఆ ఇంటివారు ఏమి వినిరో చెప్పలేదు. 1939 సెప్టెంబరు 1న జర్మనీలోని నాజీ ప్రభుత్వము విదేశ కేంద్రములను వినుట నేరమని శాసించెను. పొరుగువాడు గోడకు చెవి పెట్టి విని చెప్పిననే గాని ఆ నేరము బయటపడుట కష్టము. పెట్టె తనంతట తాను ఏమియు చెప్పదు.

చెప్పువాని సంగతి వేరు. 1942 ఆగస్టు 27న బొంబాయిలో 22 ఏండ్ల ఉషా మెహతాయు, ఆమె సహచరులును కాంగ్రెస్ రేడియో అను రహస్య కేంద్రమును నడుప మొదలిడిరి. పోలీసులకు చిక్కకుండుటకై ఒక చోటినుండి మరియొక చోటికి మారుచు పోయిరి. అయినను మూడు మాసములు నిండకముందే, నవంబరు 12న, పట్టుబడిరి. ఆమెకు 4 సంవత్సరముల కారాగార శిక్ష పడెను. ఆ ప్రసారములను విన్నవారి సంగతి ఏమి? వారెవరో, ఎందరో ఎవరికిని తెలియదు. తెలియకపోవుటయే వారికి రక్ష అయ్యెను.

అంతర్జాలము ఈ వరుసను తారుమారు చేసినది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశమున సామాన్యులకు అంతర్జాలమును అందుబాటులోనికి తెచ్చెను. రేడియోలో వార్త శ్రోత ఇంటికి వచ్చును. అంతర్జాలమున చదువరియే వార్త ఉన్న ఇంటికి పోవలెను. పోవుచు తన చిరునామా ఇచ్చి పోవలెను. అంతర్జాలమున సమాచారము చిన్న చిన్న పొట్లములుగా ప్రయాణము చేయును. ప్రతి పొట్లము మీదను పంపినచోటి అంకెల చిరునామాయు, చేరవలసినచోటి అంకెల చిరునామాయు ఉండును. లోపలి విషయమునకు తాళము వేయవచ్చును. నేటి బ్రౌజర్లు సాధారణముగా వేయుచునే ఉన్నవి. పై చిరునామాను చెరిపివేసినచో మాత్రము పొట్లము చేరదు. కనుక తీరగ్రామమున ఒక స్త్రీ తన రొమ్ములో గడ్డను గురించి రాత్రివేళ ఫోనులో చదువదలచినచో, ఆమె ఏ వైద్య సైటునకు పోయెనో ఫోను కంపెనీకి తెలియును. ఏ చిరునామానుండి ఒకరు వచ్చిరో ఆ సైటు నడుపువారికి తెలియును. అదే విషయమును రేడియోలో వైద్యుని ప్రసంగముగా విన్నచో ఎవరికిని తెలియదు. అడిగినదానికి బదులు వెంటనే లభించుట అంతర్జాలము చేసిన మేలు. అడిగినవారి జాడ నిలిచిపోవుట దానికి మనము చెల్లించు వెల.

చిరునామా తెలియనీయక ఉత్తరము చేర్చుట సాధ్యమా? సాధ్యమేనని 1981లో డేవిడ్ చౌమ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు చూపెను. ఉత్తరములను కొన్ని మజిలీల గుండ పంపి, ప్రతి మజిలీలోను కవరు మార్చి, వరుస కలియబెట్టి ముందునకు సాగించినచో, బయలుదేరిన ఉత్తరమునకును చేరిన ఉత్తరమునకును లంకె దొరకదని ఆయన యుక్తి. 1990ల నడుమ అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో డేవిడ్ గోల్డ్‌ష్లాగ్, మైకేల్ రీడ్, పాల్ సైవర్సన్ అను మువ్వురు ఈ మార్గమున ఆలోచించి, ఎప్పటికప్పుడు జరుగు ఉత్తర ప్రత్యుత్తరములకు తగిన పద్ధతిని కల్పించిరి. 1996లో దానిని ప్రకటించిరి. దానికి ఆనియన్ రూటింగ్ అని పేరు. ఉల్లిపాయ దారి అని మనము చెప్పుకొనవచ్చును.

బకింగ్‌హాం కాలువను తలచుకొన్నచో ఈ పద్ధతి సులభముగా బోధపడును. పెదగంజాము నుండి నెల్లూరు తీరము వెంబడి మద్రాసు మీదుగా దక్షిణమునకు పోవు ఈ కాలువలో ఒకప్పుడు ఉప్పు, ధాన్యము, వంటచెరకు పడవలపైన సాగెడివి. ఒక పెట్టెలో మరియొక పెట్టె, దానిలో ఇంకొక పెట్టె, మూటికిని మూడు తాళములు వేసి పడవకు ఎక్కించితిమని అనుకొందము. మొదటి రేవువాడు తన తాళపుచెవితో పై పెట్టెను తీయును. లోపలి పెట్టెమీద రెండవ రేవు పేరు మాత్రమే ఉండును. రెండవ రేవువాడు దానిని విప్పి, మూడవ రేవు పేరు చూచి పంపును. మూడవవాడు చివరి పెట్టెను విప్పి, సరకును చేరవలసిన ఇంటికి చేర్చును. మొదటివానికి పంపినదెవరో తెలియును, ఎచటికో తెలియదు. చివరివానికి ఎచటికో తెలియును, ఎవరు పంపిరో తెలియదు. నడిమివానికి రెండును తెలియవు. బదులు కూడ ఈ దారినే పొర వెంట పొర కప్పుకొని వెనుకకు వచ్చును. అజ్ఞాతవాసములో వార్తలు మోయువారు పాటించు నియమము కూడ ఇదియే: ముందువానిని, వెనుకవానిని తప్ప ఎవ్వరినిని ఎరుగకుండుట. ఎరుగనివాడు చెప్పవలెనన్నను చెప్పలేడు.

2002లో రోజర్ డింగిల్‌డైన్, నిక్ మాథ్యూసన్ అను ఇద్దరు సైవర్సన్‌తో కలిసి ఈ పద్ధతికి కొత్త రూపమిచ్చిరి. అదియే టార్. 2006లో దానిని నడుపుటకు లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడెను. కొన్ని వేల మజిలీ యంత్రములను వేర్వేరు దేశములలో స్వచ్ఛందముగా నడుపువారు కలరు. మూడు మజిలీలు తిరిగి పోవలెను గనుక ఈ దారి మామూలు దారికంటె నెమ్మది.

నౌకాదళ పరిశోధనశాలలో పుట్టిన సాధనమును లోకమునకంతకును ఉచితముగా ఏల ఇచ్చిరి? ఉదారతచేత మాత్రమే కాదు, అవసరముచేత. ఊరంతటిలో ఒక్కడే ముసుగు వేసికొని తిరిగినచో వానిని గుర్తించుటకంటె సులభమైన పని లేదు. నౌకాదళమువారు మాత్రమే ఈ దారిని వాడినచో, ఆ దారిన వచ్చిన ప్రతివాడును నౌకాదళమువాడేయని శత్రువు గ్రహించును. స్వర్ణాల చెరువు ఒడ్డున రొట్టెల పండుగనాడు జనసమ్మర్దములో కలిసిపోయినవానిని వెదకుట ఎట్టిదో నెల్లూరివారు ఎరుగుదురు. మరుగు అనునది ఒంటరికి దక్కదు, గుంపులోనే దక్కును. గుంపు కావలెనన్నచో తలుపు అందరికిని తెరవవలెను. తెరచిన పిమ్మట మంచివారు మాత్రమే రావలెనని శాసించుట ఎవరి వశమును కాదు. ఈ ఒక్క సంగతి గ్రహించినచో, ఈ జాలమున మేలును కీడును పక్కపక్కన ఏల ఉన్నవో తెలియును.

టార్ చదువువానికే గాక ప్రచురించువానికి కూడ మరుగు కల్పించును. అట్టి సైట్ల పేర్లు డాట్ ఆనియన్ అని ముగియును. నేటి పద్ధతిలో అంతకుముందు 56 అక్షరములు, అంకెలు కలిసియుండును. నోటితో పలుకుటకు వీలుకాని పేరు. చదువరియు, ప్రచురించువాడును ఎవరి మజిలీల దారిన వారు వచ్చి, నడుమ ఒకచోట కలిసికొందురు. ఒకరి ఇల్లు ఒకరికి తెలియదు. ఉషా మెహతాకు లేకపోయిన రక్షణ ఇదియే.

ఆ రక్షణను తొలుత పేరు మోయునట్లు వాడుకొన్నవారు మాత్రము దేశభక్తులు కారు. 2011 ఫిబ్రవరిలో సిల్క్ రోడ్ అను అంగడి ఇట్టి చిరునామాతో వెలసెను. అచట ముఖ్యమైన సరకు మత్తుమందులు. సొమ్ము చెల్లింపు బిట్‌కాయిన్లలో. దాని నిర్వాహకుడు రాస్ ఉల్‌బ్రిక్ట్ 2013 అక్టోబరు 1న సాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక గ్రంథాలయమున పట్టుబడెను. 2015లో అతనికి యావజ్జీవ కారాగారము విధింపబడెను. 2025 జనవరిలో అధ్యక్షుడు ట్రంప్ క్షమాభిక్ష పెట్టెను. అతని పేరు పరిశోధకులకు ఎట్లు చిక్కెనో తెలిసికొనదగినది. అంగడి పెట్టిన తొలి దినములలో అతడు ఒక మారుపేరుతో బహిరంగ జాలమున దానిని గురించి ప్రచారము చేసెను. ఆ మారుపేరుతోనే మరియొకచోట తన సొంత ఈమెయిలు చిరునామాను ఇచ్చెను. పన్నుల శాఖకు చెందిన ఒక ఉద్యోగి మామూలు శోధన యంత్రముతో వెదకి ఈ రెండింటిని ముడివేసెను.

2017 జూలైలో మూతపడిన ఆల్ఫాబే అను పెద్ద అంగడి కథయు ఇట్టిదే. కొత్త సభ్యులకు పంపిన స్వాగత లేఖలలో నిర్వాహకుని సొంత ఈమెయిలు చిరునామా ఉండిపోయెను. అదే సమయమున హన్సా అను మరియొక అంగడిని నెదర్లాండ్స్ పోలీసులు చేజిక్కించుకొనిరి. వెంటనే మూయక, సుమారు ఒక నెల తామే నడిపి, వచ్చిపోవువారి వివరములు వ్రాసికొనిరి. అన్నిటికంటె ఘోరమైనవి బాలలపై అత్యాచారముల చిత్రములు అమ్ము చోట్లు. దక్షిణ కొరియానుండి నడిచిన అట్టి దానినొకదానిని 2018లో పట్టుకొనిరి. 2019 అక్టోబరులో ప్రకటించిన లెక్క ప్రకారము 38 దేశములలో 337 మంది నిర్బంధింపబడిరి. 23 మంది బాలలు రక్షింపబడిరి. అచట పరిశోధకులకు దారి చూపినది బిట్‌కాయిన్ చిట్టా. ఆ నాణెము పూర్తిగా రహస్యమైనదని పలువురు తలచుచున్నారు. నిజమునకు దాని ప్రతి బదిలీయు ఎవరైనను చూడదగిన చిట్టాలో చెరగక నిలిచియుండును.

మరుగు దారిని నమ్మి ఏమరినవారిలో ప్రభుత్వోద్యోగులును కలరు. 2007లో డాన్ ఎగర్‌స్టాడ్ అను స్వీడన్ దేశస్థుడు టార్‌లో కొన్ని చివరి మజిలీలను తానే నడిపెను. చివరివాడు ఆఖరి పెట్టెను విప్పునని పైన చెప్పితిమి గదా. లోపలి సరకునకు వేరే తాళము లేనిచో వాడు దానిని చదువగలడు. అట్లు చదివిన వివరములతో 100 ఈమెయిలు ఖాతాల సంకేత పదములను అతడు బయటపెట్టెను. అందు పలు దేశముల రాయబార కార్యాలయముల ఖాతాలు, మన భారత రాయబార కార్యాలయములవియు ఉండెను. ఎవరు పంపిరో దాచు సాధనము ఏమి పంపిరో దాచదను పాఠము దీనివలన లోకమునకు తెలిసెను.

ఇక మేలు. 2013 నుండి సెక్యూర్‌డ్రాప్ అను సాధనము కలదు. ఆరన్ స్వార్ట్జ్ అను యువకుడు మొదలిడిన పని అది. అక్రమములు ఎరిగిన ఉద్యోగి తన పేరు తెలుపకయే పత్రికకు పత్రములు చేర్చుటకు అది తోడ్పడును. పేరు బయటపడినచో ఉద్యోగము పోవును, కొన్ని దేశములలో తలయే పోవును. అట్టివాడు పట్టపగలు మైపాడు ఒడ్డున నిలిచినట్లు నిలువవలెనని మనము ఇంటిలో కూర్చుండి చెప్పుట న్యాయము కాదు.

2019 అక్టోబరులో బీబీసీ తన వార్తలకు డాట్ ఆనియన్ చిరునామా ఏర్పరచెను. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్‌పైన దండెత్తెను. మార్చి 4న రష్యా తన దేశమున బీబీసీ సైటును అడ్డగించెను. ఆ దినములలో బీబీసీవారు రెండు పనులు చేసిరి. ఉక్రెయిన్‌కును, రష్యాలోని కొన్ని భాగములకును వినబడునట్లు రోజునకు 4 గంటలు రెండు కొత్త షార్ట్‌వేవ్ తరంగములమీద వార్తలు ప్రసారము చేసిరి. మరుగు జాలమున తమ చిరునామాకు ఎట్లు రావలెనో చదువరులకు తెలిపిరి. మొదటిది మా తాతల నాటి సాధనము. రెండవది మా పిల్లల నాటిది. రెండింటి పనియు ఒకటే: ఎవరు నీవని అడుగకయే వార్త చేర్చుట. వానికి వచ్చు అడ్డంకులును ఒక తీరువే. షార్ట్‌వేవ్ ప్రసారములు వినబడకుండ సోవియట్ ప్రభుత్వము ఒకప్పుడు వానిమీద గోల ధ్వనులు కుమ్మరించెను; బీబీసీ రష్యన్ ప్రసారముల విషయమున ఆ గోల 1987 జనవరి వరకు సాగెను. 2021 డిసెంబరులో నేటి రష్యా టార్‌ను కూడ అడ్డగింప మొదలిడెను. వినువానిని గుర్తింపలేని ప్రభుత్వము ధ్వనినే అణచజూచుట నాడును ఉన్నది, నేడును ఉన్నది.

మన దేశమున టార్‌ను వాడుటయే నేరమని చెప్పు చట్టము లేదు. ఆ దారిన చేసిన పని నేరమైనచో అది నేరమే. మత్తుమందుల వ్యాపారమునకు 1985 నాటి చట్టము, కంప్యూటరు నేరములకు 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము వర్తించును. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు వేసిన వ్యాజ్యమున, గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. ఆ హక్కునకు న్యాయమైన హద్దులు ఉండవచ్చునని కూడ అదే తీర్పు చెప్పెను. హద్దు ఎచట గీయవలెనను వివాదము తీరలేదు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వపు కంప్యూటరు భద్రతా సంస్థ, వీపీఎన్ నడుపువారు తమ ఖాతాదారుల వివరములను 5 సంవత్సరములు భద్రపరుపవలెనని ఉత్తరువు చేయుట ఆ వివాదములోని ఒక ఘట్టము.

తీరగ్రామమున వల వేసికొనువానికిని, రొయ్యల చెరువు చూచుకొనువానికిని ఈ జాలముతో పని ఏమి అని కొందరు అడుగవచ్చును. ఆయన అచటికి పోకపోవచ్చును. ఆయన పేరు అచటికి పోవచ్చును. 81 కోట్లకు పైబడిన భారతీయుల పేర్లు, ఫోను నంబర్లు, ఆధారు వివరములు అచట అమ్మకమునకు పెట్టబడినవని 2023 అక్టోబరులో అమెరికాకు చెందిన ఒక భద్రతా సంస్థ ప్రకటించెను. పోలీసులమనియో, బ్యాంకువారమనియో ఫోను చేసి, మన పేరు, ఊరు, తండ్రి పేరు తడుముకొనకుండ చెప్పువారికి ఆ వివరములు ఇట్టి అంగళ్లనుండి చేరియుండవచ్చును. కనుక మన వివరములు తెలిసియుండుట అధికారమునకు గుర్తు కాదు. సొమ్ము పోయినచో ఆలసింపక పిలువవలసిన జాతీయ సహాయ సంఖ్య 1930. ఉప్పు సత్యాగ్రహపు సంవత్సరమును గుర్తుంచుకొన్నచో ఈ సంఖ్యను మరువనక్కరలేదు. యువకులకు మరియొక మాట: వింత చూచుటకై ఆ అంగళ్ల వీథిలో తిరుగుట తెలివి కాదు. అచట మోసపోయినవానికి చెప్పుకొనుటకు చోటు లేదు.

ఇన్ని కీడులున్నప్పుడు ఈ దారిని మూసివేయుటయే మేలని వాదించువారు కలరు. వారి వాదమును తేలికగా తీసివేయరాదు. పైన చెప్పిన నేరస్థులు పట్టుబడిరి, పట్టుబడనివారును ఉందురు. మరుగు వలన పరిశోధన కష్టమైనది, జాప్యమైనది. ఆ జాప్యమునకు మూల్యము చెల్లించినవారిలో పసిపిల్లలును కలరు. అయినను పట్టుబడినవారి కథలు ఒక సంగతి చెప్పుచున్నవి. వారిని పట్టినది ఊరందరి ముసుగును లాగివేయుట కాదు. ఓపికతో కూడిన పోలీసు పని. ముసుగును లాగివేసినచో దొంగ మరియొక దారి వెదకికొనును. ఆ దారియే దిక్కైన చదువరికి, పత్రికకు పత్రములు పంపిన ఉద్యోగికి మరియొక దారి దొరకకపోవచ్చును. ఉప్పు కాపలావాడు చేసిన పొరపాటు అదియే: ఆతడు చీకటిని చూచెను గాని మూటను చూడలేదు. చూడవలసినది మూటను.

మరుగు దారిని వేయుటలో అమెరికా నౌకాదళ పరిశోధకుల ఉద్దేశము ఏదైనను, దానివలన చదువరికి దక్కినది మాత్రము కొత్త హక్కు కాదు. రేడియో శ్రోతకు మొదటినుండియు ఉన్నదే. ఈ ప్రసంగమును ఎవరు వినిరో, ఎవరు నడుమ కట్టివేసిరో, ఎవరు మెచ్చిరో మాకు తెలియదు. తెలిసికొనవలెనని మేము ఎన్నడును కోరలేదు. శ్రోతయే తలచి ఉత్తరము వ్రాసినప్పుడు చదివి సంతోషింతుము.